బ్యాటరీ మార్చే ముందు

(ఆటోమొబైల్ విద్యార్థులకూ, వాహన యజమానులకూ చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ హాల్లోకి వచ్చే ముందు నేను ఆవరణలో వేపచెట్టు కింద ఒక కారు నిలిపి వచ్చాను. దాని బానెట్ ఎత్తే ఉంది, డ్రైవరు పక్క తలుపూ తెరిచే ఉంది. కానీ రెండింటి లాక్‌లనూ స్క్రూడ్రైవరుతో నొక్కి బిగించి ఉంచాను కాబట్టి, తన తలుపులన్నీ మూసే ఉన్నాయని ఆ కారు అనుకుంటోంది. తాళంచెవి ఇదిగో, ఈ బల్ల మీద నా ఎదుట ఉంది. ఇదంతా ఎందుకో మాట్లాడుతుండగా మీకే తెలుస్తుంది. అప్పటిదాకా దయచేసి ఎవరూ ఆ కారు దగ్గరికి వెళ్ళి తలుపు ముట్టుకోవద్దని ప్రార్థన.

"బ్యాటరీ దిగిపోయింది" అనే మాట మనందరం విన్నదే. ఉదయాన్నే బయలుదేరే వేళకు సెల్ఫ్ తీసుకోదు. మెకానిక్ వచ్చి కొత్త బ్యాటరీ బిగిస్తాడు, కారు కదులుతుంది, డబ్బు చేతులు మారుతుంది, అందరూ సంతోషిస్తారు. రెండు నెలల తర్వాత ఆ కొత్త బ్యాటరీ కూడా దిగిపోయినప్పుడు మాత్రం యజమాని దుకాణాన్నీ, దుకాణదారు కంపెనీనీ, కంపెనీ వాళ్ళు వాహనం వాడే పద్ధతినీ తిట్టుకుంటారు. అసలు అడగవలసిన ప్రశ్న మొదటి రోజే ఎవరూ అడగలేదు. బ్యాటరీ ఖాళీ అయింది సరే, ఎందుకు ఖాళీ అయింది?

మన ఊరి చెరువును తలుచుకోండి. చెరువు ఎండితే దానికి కారణం వాగు నుంచి నీరు రాకపోవడం కావచ్చు, తూము ఎవరో తెరిచి మరిచిపోవడం కావచ్చు, కట్టకు గండి పడడం కావచ్చు. ఇవేవీ కాక పూడిక పేరుకుపోయి ఉండవచ్చు. అప్పుడు పైకి చెరువు నిండుగానే కనిపిస్తుంది కానీ రెండు తడులకు మించి పొలానికి నీరు అందదు. బ్యాటరీ విషయంలో వాగు అంటే ఆల్టర్నేటరు. మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని డైనమో అనే పిలుస్తారు. తూము అంటే వాహనం ఆపి ఉన్నప్పుడు కూడా కరెంటు తాగే పరికరాలు. గండి అంటే లోపల షార్టయిన సెల్లు. పూడిక అంటే ప్లేట్ల మీద గట్టిపడిన లెడ్ సల్ఫేటు. ఈ నాలుగింటిలో ఏది జరిగిందో తేల్చకుండా బ్యాటరీ మార్చడం, గండి పూడ్చకుండా ట్యాంకర్లతో చెరువు నింపడం లాంటిది.

పరీక్ష మీటరుతో మొదలవదు, చెవితో మొదలవుతుంది. బటన్ నొక్కగానే టకటకటకమని వరసగా చప్పుడు వస్తే బ్యాటరీలో వోల్టేజి చాలా తక్కువగా ఉందని అర్థం. స్టార్టరు మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి, అంటే సోలినాయిడ్, పట్టుకోబోతుంది, పట్టుకున్న క్షణంలోనే వోల్టేజి పడిపోయి వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకోబోతుంది. ఒక్కసారి టక్కుమని ఆగిపోయి, డ్యాష్‌బోర్డు దీపాలు మాత్రం కాంతి తగ్గకుండా వెలుగుతుంటే అనుమానం బ్యాటరీ నుంచి స్టార్టరు మోటారు వైపు మళ్ళాలి. అసలు ఏ చప్పుడూ లేకుండా దీపాలు దివ్యంగా వెలుగుతుంటే అది చాలాసార్లు బ్యాటరీ సమస్యే కాదు. బటన్ స్టార్ట్ వాహనాల్లో బ్రేకు నొక్కినట్టు కంప్యూటరుకు కబురు అందకపోతే ఇంజను తిరగదు, ఆ కబురు మోసేది పెడల్ దగ్గరి చిన్న స్విచ్చి. అది పాడైతే బ్రేకు తొక్కినా వెనక దీపం వెలగదు. దీపం వెలుగుతోందో లేదో వెనక నిలబడిన మనిషి చెప్పగల విషయానికి బ్యాటరీలు మార్పించుకున్నవారిని నేను చూశాను. అలాగే తాళంచెవిలోని నాణెం లాంటి సెల్లు అయిపోతే కారు ఆ తాళాన్ని గుర్తుపట్టదు. చాలా మోడళ్లలో ఆ తాళాన్నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే పని జరుగుతుంది, తలుపు తీయడానికి దాని లోపలే ఇనుప తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది.

ఆధునిక వాహనాల్లో మరో చిత్రం ఉంది. బ్యాటరీ వోల్టేజి తగ్గినప్పుడు లోపలి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సరిగా మాట్లాడుకోలేవు. అందువల్ల ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్ బ్యాగ్ హెచ్చరికలన్నీ ఒక్కసారిగా డ్యాష్‌బోర్డు మీద దీపావళి చేస్తాయి. స్కానరు పెడితే పదీ పదిహేను తప్పులు చూపిస్తుంది. వాటిని చూసి భయపడి స్టీరింగ్ మోటారు మార్చబోయేవారు ముందు బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, ఆ తప్పులను తుడిచివేసి, తిరిగి ఏవి వస్తాయో చూడాలి. సాధారణంగా చాలావరకు తిరిగి రావు.

ఇప్పుడు వోల్టేజి, కరెంటు కొలిచే మల్టీమీటరు. మన కార్లలో ఉండే సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్తోం ప్లాంటే కనిపెట్టాడు. నూట అరవై ఏళ్ళు దాటినా దాని రసాయన శాస్త్రం మారలేదు. ఒక్కొక్క సెల్లు సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది, అలాంటివి ఆరు వరసగా ఉంటాయి. అందుచేత నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, అంతకు కాస్త ఎక్కువ చూపాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మిగిలిందని లెక్క. చూశారా, నిండుకూ పావుకూ మధ్య తేడా కేవలం 0.6 వోల్టు, అందుకే "పన్నెండు వోల్టులు ఉన్నాయి కదండీ, బాగానే ఉంది" అనే మాటను నేను ఒప్పుకోను. మీటరు 10.5 దగ్గర నిలిచిపోయి, ఎంత చార్జి చేసినా పైకి రాకపోతే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిపోయినట్టే. అది గండి, దానికి మరమ్మతు లేదు.

విశ్రాంతిగా అన్నాను, ఆ మాట ముఖ్యం. ఇప్పుడే నడిపి ఆపిన బండిలో బ్యాటరీ పైపైన తేలిన చార్జి వల్ల ఎక్కువ వోల్టేజి చూపిస్తుంది. కొన్ని గంటలు ఆగాలి, ఆగే వీలు లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపటి తర్వాత కొలవాలి. కొన్ని బ్యాటరీల మీద పచ్చగానో నల్లగానో కనిపించే కన్ను ఉంటుంది, దాన్ని నమ్మి మోసపోయినవారు చాలామంది. ఆ కన్ను చూసేది ఆరు సెల్లుల్లో ఒక్కదాన్ని మాత్రమే, మిగిలిన అయిదింటి సంగతి దానికి తెలియదు.

పూడికను పట్టుకోవాలంటే విశ్రాంతి వోల్టేజి చాలదు, బరువు మోయించి చూడాలి. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు మీటరు చూడాలి. నిండుగా చార్జయిన బ్యాటరీ మన వాతావరణంలో ఆ క్షణాన 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు. విశ్రాంతిలో 12.6 చూపి, సెల్ఫ్ కొట్టగానే ఎనిమిదికో ఏడుకో జారిపోతే ఆ చెరువు పూడిపోయిందని గట్టిగా అనుమానించవచ్చు. అయితే తీర్పు చెప్పే ముందు మరొక పని చేయండి. మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు మొన మీద, రెండో కొనను దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అవి రెండూ ఒకదాన్నొకటి తాకుతున్న లోహాలే కాబట్టి మీటరు సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టో వోల్టో చూపిస్తే దోషం బ్యాటరీది కాదు, మధ్యలో పేరుకున్న తెల్లటి పొడిది, లేదా వదులైన నట్టుది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గీకి, బిగిస్తే సరిపోతుంది. బాడీకి బిగించిన ఎర్తు తీగనూ ఇలాగే పరీక్షించాలి. వానల్లో తిరిగే బండికి, ముఖ్యంగా సముద్రతీరపు ఊళ్ళలో, ఎర్తు దగ్గర తుప్పు పట్టడం చాలా మామూలు విషయం.

ఎండ గురించి ఒక్క మాట. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారుగా సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. ఎండాకాలం చేసిన గాయం చాలాసార్లు అప్పుడే కనిపించదు, తర్వాత వచ్చే చలి ఉదయాల్లో బయటపడుతుంది. చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలు జనవరిలో ఫోను చేసి "నిన్నటిదాకా బాగానే ఉంది" అంటారు. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో బ్యాటరీ తన బలంలో సగం కూడా ఇవ్వలేదు, అదే సమయంలో చిక్కబడిన నూనె వల్ల ఇంజను మరింత బలం అడుగుతుంది. లోపం ముందు నుంచే ఉంది, చలి దాన్ని చూపించింది.

వాగు పరీక్ష సులువైనది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మొనల మధ్య 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 13.5 దాటి నిలవాలి. ఇది పాత లెక్క. కొత్త కార్లలో ఇంధనం ఆదా చేయడానికి కంప్యూటరే ఆల్టర్నేటరును అదుపు చేస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటే చార్జింగు దాదాపు ఆపేసి, బ్రేకు వేసినప్పుడో యాక్సిలరేటరు వదిలినప్పుడో ఒక్కసారిగా పెంచుతుంది. కాబట్టి 12.8 కనిపించగానే డైనమో పోయిందని ప్రకటించకుండా, దీపాలన్నీ వేసి, కొంతసేపు చూసి, అప్పుడు మాట్లాడాలి.

ఈ సందర్భంలోనే ఒక పాత అలవాటును మీరు మానాలని గట్టిగా చెబుతున్నాను. అంబాసిడర్ల కాలంలో ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగకపోతే డైనమో బాగుందని తేల్చేవారు. నేనూ చేశాను. ఇప్పటి వాహనంలో అలా చేస్తే ఆల్టర్నేటరు నుంచి పుట్టే ఎదురుపోటు, దాన్ని అణిచే రక్షణ లేని చోట, 80 వోల్టులు కూడా దాటవచ్చు. కంప్యూటర్లు ఒక్క క్షణంలో కాలిపోవచ్చు. రెండు వందల రూపాయల మీటరు చేసే పనికి వేల రూపాయల ఈసీయూను, అంటే ఇంజను కంప్యూటరును, పణంగా పెట్టవద్దు.

ఇక తూము. ఆధునిక వాహనాల్లో అసలు కథ ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఆగిన కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, తాళం సంకేతం కోసం ఎదురుచూసే రిసీవరు, గడియారం, ఇప్పుడు ఫోనుకు కబుర్లు పంపే మోడెమ్ కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు దాటనంతవరకు ఫరవాలేదని వృత్తిలో ఒక ఒప్పందం. ఆ 50 కూడా తక్కువేమీ కాదు. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్). మన చిన్న కార్లలో 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు చాలా ఉన్నాయి, అది పదిహేను రోజుల్లో సగానికి దిగుతుంది. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ ముగిసేసరికి ఎన్ని సెల్లార్లలో ఎన్ని కార్లు కదలకుండా నిలిచిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే కార్లు మన వీధుల్లో ప్రతి రెండో ఇంటా ఉన్నాయి, వాటికి ఏ జబ్బూ లేదు, ఒంటరితనం తప్ప.

ఒక కారు కథ చెబుతాను. మా వీధిలో ఒకాయన బ్యాంకు ఉద్యోగి. శుక్రవారం రాత్రి నిలిపిన కారు సోమవారం ఉదయం కదలదు, మంగళవారం నుంచి శుక్రవారం వరకు ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిది నెలల్లో రెండు బ్యాటరీలు మార్చారు. "మాస్టారూ, నా కారుకు సోమవారం పడదండీ" అని నవ్వుతూనే చెప్పారు కానీ ఆయన ముఖంలో విసుగు కనిపిస్తూనే ఉంది. ఆదివారం ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. విశ్రాంతి వోల్టేజి అప్పటికే 12.2. చార్జింగు బాగుంది, టెర్మినళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మరి నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఇక్కడ ఒక మెలకువ ఉంది. ఇంజను ఆపి తాళంచెవి తీసిన వెంటనే కరెంటు కొలిస్తే ఏ కారులోనైనా ఆంపియర్లలో కనిపిస్తుంది, ఎందుకంటే కంప్యూటర్లు ఇంకా మేలుకునే ఉంటాయి. కొన్ని ఇరవై నిమిషాలకు, కొన్ని గంటకు గాని నిద్రపోవు. తలుపు తీసినా, తాళంచెవి దగ్గరికి తెచ్చినా మళ్ళీ లేచి కూర్చుంటాయి. అందుకే లాక్‌లను నొక్కి బిగించి, తాళంచెవిని దూరంగా పెట్టి, బ్యాటరీ నల్ల తీగ చుట్టూ డీసీ మిల్లీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు వేసి, నేను వాళ్ళ వరండాలో కాఫీ తాగుతూ కూర్చున్నాను. గంట తర్వాత చూస్తే 350 మిల్లీ ఆంపియర్లు. అది కిందికి దిగలేదు. లెక్క వేయండి: శుక్రవారం రాత్రి నుంచి సోమవారం ఉదయానికి అరవై గంటలు, అంటే 21 ఆంపియర్ అవర్లు, 35లో సగానికి పైగా. మిగతా రోజుల్లో ఒక్క రాత్రిలో పోయేది తక్కువ, మర్నాటి ప్రయాణంలో కొంత తిరిగి నిండుతుంది. సోమవారానికి ఏ శాపమూ లేదు.

ఏ దారిలో పోతోందో కనుక్కోవడానికి ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకడం పాత పద్ధతి. పీకి పెట్టిన ప్రతిసారీ నిద్రపోయిన కంప్యూటరు లేస్తుంది, లెక్క తప్పుతుంది. దానికి బదులు మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఫ్యూజు వీపు మీద కనిపించే రెండు లోహపు చుక్కలకు కొనలు ఆనించండి. కరెంటు పారని ఫ్యూజు సున్నా చూపిస్తుంది, పారే ఫ్యూజు కొద్దిగా వోల్టేజి చూపిస్తుంది. ఆ కారులో అన్నీ సున్నాలే, మ్యూజిక్ సిస్టమ్ 15 ఆంపియర్ల ఫ్యూజు మీద మాత్రం ఒకటిన్నర మిల్లీవోల్టు. కంపెనీ సిస్టమ్ తీసి బయట పెద్ద తెర బిగించుకున్నారని అప్పుడు చెప్పారు. వెనక విప్పితే, ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు తీగనూ, తాళంచెవి తిప్పి ఆన్ చేసినప్పుడే కరెంటు రావలసిన ఎరుపు తీగనూ కలిపి ఒకే ముడి వేసి టేపు చుట్టి ఉంది. తెర నల్లగా ఉన్నా లోపల ఆ యంత్రం రెండు పగళ్ళూ మూడు రాత్రులూ మేలుకునే ఉంది. ముడి విప్పి ఎరుపు తీగను దాని చోట కలిపితే మీటరు 30కి దిగింది. ఆయన తీసి పక్కన పెట్టిన బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి చూస్తే అది కూడా బాగానే పనిచేసింది.

డ్యాష్ కెమెరాలు, జీపీఎస్ ట్రాకర్లు, స్కానింగ్ పోర్టులో మరిచిపోయిన డాంగిల్, ఆరని డిక్కీ దీపం, అంటుకుపోయిన రిలే, పాడైన ఆల్టర్నేటరు డయోడ్, ఇవన్నీ ఈ జాతివే. తాళంచెవిని కారు పక్క గోడకే మేకుకు తగిలించే అలవాటు కూడా కొన్ని మోడళ్లను నిద్రపోనివ్వదు.

దారిలో బండి ఆగిపోయినప్పుడు, మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునే జంపర్ కేబుళ్ళు వాడే వరస అందరూ విన్నదే అయినా కారణం తెలిస్తే మరిచిపోరు. ఎరుపు కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నలుపు మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొన దిగిపోయిన బండి ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొన తగిలినప్పుడు నిప్పురవ్వ ఎగురుతుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండవచ్చు, గాలిలో అది నాలుగు శాతం ఉంటే చాలు అంటుకుంటుంది. తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి. హైవే మీద దయగల లారీ డ్రైవరు సాయానికి వస్తే దండం పెట్టి వద్దనండి. లారీలు, బస్సులు ఎక్కువగా 24 వోల్టులవి, మన కారు 12. ఆటోమేటిక్ గేరు బండిని తోసి స్టార్ట్ చేయాలని ప్రయత్నించవద్దు, అది జరగదు.

స్టార్టయిన తర్వాత అరగంట తిప్పితే నిండిపోతుందన్నది అపోహ. లోతుగా దిగిన బ్యాటరీని చార్జరుకు పెట్టాలి, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి నాలుగున్నర ఆంపియర్లతో, పది పన్నెండు గంటలు. ఖాళీగా ఎన్నాళ్ళు ఉంచితే అంత పూడిక గట్టిపడుతుంది, కాబట్టి "వచ్చే ఆదివారం చూద్దాం" అనేది ఇక్కడ ఖరీదైన మాట.

మార్చక తప్పనప్పుడు, సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి స్టార్టయ్యే కార్లకు మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ గాని ఏజీఎం గాని రకం బ్యాటరీ ఉంటుంది. దాని స్థానంలో మామూలుది చవగ్గా వస్తుందని పెడితే అది త్వరగా పోతుంది. వాటి మైనస్ మొన మీద చిన్న సెన్సరు కూర్చుని వచ్చే పోయే కరెంటును లెక్కపెడుతుంది. చార్జరు నల్ల క్లిప్పును ఆ మొనకు కాకుండా బాడీ లోహానికి పెట్టాలి, లేకపోతే మనం పోసిన నీళ్ళు దాని లెక్కలోకి రావు. కొన్ని కార్లకు కొత్త బ్యాటరీ వచ్చిందని స్కానరుతో చెప్పవలసి కూడా ఉంటుంది.

ఎలక్ట్రిక్ కార్ల యజమానులు "మాకీ బాధ లేదు" అనుకుంటారు. వందల వోల్టుల పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, దాన్ని మోటారుకు కలిపే పెద్ద రిలేలు మూసుకోవాలంటే మూలన ఉన్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ ప్రాణంతో ఉండాలి. అది దిగిపోతే తలుపు కూడా తెరుచుకోకపోవచ్చు. మీ కారులో అది ఎక్కడుందో, దాన్ని చేరే దారి ఏదో మాన్యువల్‌లో ఈ రాత్రే చూసుకోండి. పెద్ద బ్యాటరీ నారింజ రంగు కేబుళ్ళ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళవద్దు.

స్కూటర్ల వారు నన్ను క్షమించాలి, మీకు తక్కువ సమయం మిగిలింది. 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త బండ్లలో హెడ్‌లైటు ఆర్పే వీలు లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యాన్ని అదుపు చేసే బీఎస్ 6 నిబంధనలు వచ్చాక దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజక్షన్ బండ్లే, పెట్రోలు పంపు నడవాలన్నా కరెంటు కావాలి. ఆ బ్యాటరీ నాలుగైదు ఆంపియర్ అవర్లది మాత్రమే. ఇంటి నుంచి కూరగాయల దుకాణానికి రోజుకు నాలుగు సార్లు సెల్ఫ్ కొట్టి నాలుగు నిమిషాలు నడిపితే అది నిండదు. చాలా మోడళ్లలో కిక్కు ఉన్నా పూర్తిగా దిగిన బ్యాటరీతో ఇంజను అందుకోదు. బ్యాటరీ తరచూ పోతుంటే రెగ్యులేటరు యూనిట్‌ను పరీక్షించండి: ఇంజను వేగం పెంచినప్పుడు 15 వోల్టులు దాటితే అది బ్యాటరీని ఉడకబెడుతోంది, 13 దాటకపోతే ఆకలితో చంపుతోంది.

గడియారం చూస్తే నేను ఆ కారుకు తాళం వేసి యాభై నిమిషాలయింది. ఈపాటికి అది నిద్రపోయి ఉండాలి. క్లాంప్ మీటరు దాని నల్ల తీగకు ముందే తగిలించి ఉంది, అంకె ఎంత ఉంటుందో నాకూ తెలియదు, ఎందుకంటే అది మీ ప్రిన్సిపాల్ గారి కారు, ఇంతకుముందు నేను కొలవలేదు. తాళంచెవి ఈ బల్ల మీదే ఉండనివ్వండి. పదిమంది చొప్పున రండి, తలుపు తాకకుండా చూద్దాం.